ఆగని కూలర్

గాలివాన పడి చల్లబడ్డ రాత్రి
రిమోట్ నొక్కితే కూలర్ కీచుమంది, దీపం ఆరింది,
రెక్కలు ఆగలేదు.
బేటరీలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి
ఇంకోసారి.
ఊహూఁ.

"పలగ్గు పీకీరాదేటి!" దుప్పట్లోంచి తవిటమ్మ.
పీకొచ్చు. పీకేస్తే రోగం తెలీదు కదా.
ముప్పై రెండేళ్ళు నెల్లిమర్లలో జూట్ మిల్లు ఫిట్టర్ని.

సరే, పీకి, వెనక రేకు విప్పి
టార్చి నోట కరుచుకుని చూశాను.
అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, నల్లటి రిలే.
దాని లోపలి చుక్కలు రెండూ కనబడవు గానీ తెలుసు,
ఏ మిట్టమధ్యాహ్నమో రవ్వ లేచి
ఒకదానికొకటి అతుక్కుపోయుంటాయి.
ఆగమన్న మాట బోర్డు దాకా వస్తోంది,
విడిపోవడమే వాటికి చేతకావడం లేదు.

స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను.
టిక్.
మళ్ళీ ప్లగ్గు పెట్టినా తిరగలేదు.

ఇంత నిశ్శబ్దం
గేటుకి నోటీసంటించిన రోజు విన్నాను,
మగ్గాలన్నీ ఒక్కసారే ఆగినప్పుడు.
ఆ రోజు ఏ రేకూ విప్పి చూడనివ్వలేదు నన్ను.

"ఆగినాదేటి?"
"ఆగినాది. రేపు కొత్తదెయ్యాల, నలభై రూపాయలు."
"మరి తొంగోవేటి?"

నాలుగు స్క్రూలుండాలి, మూడే ఉన్నాయి.
చీకట్లో నేలంతా తడుముతున్నాను.