రాలినవి మాత్రమే

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు
ఆరుంబావుకల్లా చేరతాను.
వాకింగ్ బూట్లవాళ్ళంతా ఎడమవైపు తిరుగుతారు,
నేను నేల చూసుకుంటూ కుడికి.

గేటు దగ్గర కత్తెర వేసిన పొదలు.
ఒకటి ఏనుగు, ఒకటి నెమలి,
మూడోది ఏమిటో తోటమాలికే తెలియాలి.
గడ్డి మీద నడవరాదని బోర్డు.
ఆ గడ్డి మీద నాకిప్పుడు ఆశా లేదు.
ఒకసారి కోతగడ్డి సంచెడు తెచ్చి ఉడకబెడితే
గిన్నె నిండా పచ్చగా ఊరించి
గుడ్డకు మాత్రం గంజిరంగు ఇచ్చింది.
కంటికి పచ్చనిదల్లా నూలుకు పచ్చన కాదని
రెండు గంటల గ్యాసు పోసి నేర్చుకున్నాను.

రంగులు వెనకాల ఉంటాయి.
ఎరువుగుంట దగ్గర, విరిగిన సిమెంటు బెంచీల అవతల,
ఫోటో దిగడానికి ఎవరూ రాని చోట.
గాలికి తెగిపడ్డ టేకు చిగురు నలిపితే
వేళ్ళు కోసుకున్నట్టు ఎరుపు.

"కోసినవనుకో, సారు నన్నంటడు.
రాలినయి నీయి. కొమ్మ మీదియి సర్కారుయి."
మొదటి రోజే చీపురుతో గీత గీసింది
బాలనర్సమ్మ.
ఇంత సూటిగా పంపకాలు చేసిన వకీలును
నేను నాంపల్లి కోర్టులో కూడా చూడలేదు.

ఇంటి దగ్గర, విజయనగర్ కాలనీలో, రెండో అంతస్తు.
బేగంబజారు కరక్కాయ, గేదెపాలు,
వీధి చివర మంగలి షాపులో అడిగి తెచ్చిన పటిక.
గుడ్డ ముందు తాగాలి, తర్వాతే తొడుక్కోవాలి.
పై వాటా సుగుణారాణి గారు
"ఏమైనా మాడుతోందా?" అని
ఇప్పటికి నాలుగుసార్లు.

మృగశిరకు ముందు గాలివానలో
నీటితొట్టి పక్క పెద్దచెట్టు పడిపోయింది.
మూడు రోజులు రంపం మోగింది.
పేరు రాసిన రేకు ఎవరు పట్టుకుపోయారో.
మేకులు మాత్రం బాలనర్సమ్మ
కొంగున ముడేసి తెచ్చింది,
ఏడు, తుప్పు పట్టినవి.
"ఇనుము గావాల్నంటివి గద."

బెల్లం నీళ్ళలో ఇరవై రోజులు.
మూత తీస్తే కల్లు దుకాణం.
కరక్కాయ పట్టిన గుడ్డ మీద కుంచెతో గీస్తే
మొదట ఏమీ లేదు.
తర్వాత బూడిద.
తర్వాత, చూస్తూ చూస్తూ ఉండగానే, నలుపు.

నాలుగేళ్ళు ఆ చెట్టు కిందనుంచే నడిచాను.
రేకు చదివే ఉంటాను.
పేరు గుర్తు రాలేదు,
పేరును మోసిన మేకులు ఇలా మరకై మిగిలాక
గుర్తు రానందుకు సిగ్గేసింది.

టేకు ఎరుపు, మేకు నలుపు, రెండు గజాలు.
ఇస్త్రీ చేసి, మడిచి, ఆమెకే ఇచ్చాను.
భుజాన కప్పుకుంటుందనుకున్నాను.
ఎండకేసి చూసింది, వాసన చూసింది,
గిరగిరా మెలిపెట్టి చుట్టకుదురు చేసి
నెత్తిన పెట్టుకుంది.
దాని మీద తట్ట.

"రంగు పోతదా?"

పోతుందన్నాను.
ఎండకు కొంత, చెమటకు కొంత.
అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"పోనీ తియ్. మళ్ల రాల్తయి గద."

అని వెళ్ళిపోయింది, తట్ట కదలకుండా.
పచ్చతురాయి కింద నా వాటా
అప్పటికే కుప్పపోసి ఉంది,
చీపురు గీతకు ఇవతల.