నీళ్ల పైపు రెండో కొన

ఇరవై రెండేండ్లు నేను పట్టింది
పైపు రెండో కొన.
మొదటి కొన కుర్మయ్య చేతుల.
నడుమ పది గజాల నీళ్లు.

"ఆగినయా?"
"ఊగుతున్నయ్, జర నిలు."
"ఇప్పుడు?"
"ఆఁ. గీత గియ్యి."

పొద్దంత మా ఇద్దరి ముచ్చట అంతే.
పూనాల అంతే, జడ్చర్ల గోదాముల కాడ అంతే.
కొట్లాడి, తినకుంట పండిన రాత్రి తెల్లారి కూడ
నీళ్ల సంగతి మాట్లాడక తప్పకపోయేది.

మొన్న పాలమూరు బైపాసు సైటుకు
అరచెయ్యంత డబ్బా ఒకటొచ్చింది.
మూడు కాళ్ల మీద కూసుంటది.
మీట నొక్కితే నాలుగు గోడలకు
పచ్చదారం చుట్టినట్టు గీత.
చెయ్యి అడ్డం పెట్టిన.
మణికట్టు మీద పడ్డది, ఇంకో గాజు లెక్క.

కుర్మయ్య దాని చుట్టు తిరిగిండు
అంగట్ల ఎద్దు పండ్లు చూసినట్టు.
"ఎండల కనవడదు" అన్నడు.
నిజమే, బయట కనవడలే.
లోపలి గదులల్ల మాత్రం
మా దినమంత పని
బీడీ కాలినంత సేపట్ల ఒడిసింది.

ఇంజనీరు పిల్ల తస్నీమ్
మీట నా చేతుల పెట్టింది.
"వంకరగ పెడితే కూత పెడతది, భయపడకమ్మా."
భయం గాదు బిడ్డా,
రెండో కొన లేనిదాన్ని
యాడ పట్టుకోవాల్నో తెల్వలే.

గుత్తేదారు ఫోన్ల లెక్క చూసుకుంట
ఈ పనికి ఒక్క మనిషి చాలన్నడు.
ఏ మనిషో అనలే.

ఆ రాత్రి డబ్బా అడుక్కొని ఇంటికి తెచ్చిన.
మంచం మీద పెడితే కుయ్యిమన్నది.
బండ మీద పెట్టిన.
గీత ఊగింది, ఊగింది, ఆగింది.

మేం కట్టుకున్న ఇల్లు.
తూర్పు కిటికీ మీది లింటలు
ఒక దిక్కు వేలెడు కిందికుంది.

యాదికొచ్చింది.
చిన్నోనికి జరం ఎక్కిన దినం.
ఆగినయా అంటే
నీళ్ల దిక్కు చూడకనే ఆగినయన్న.
నా మాట మీద గీత గీసిండు.
ఆ కిటికీ రెక్క సక్కగ పడక
పదకొండేండ్ల సంది
వడ్ల బ్రహ్మచారిని తిడుతనే ఉన్నడు.

వాకిట్ల కాళ్లు కడుక్కుంట అడిగిండు
"మొగులమ్మా, ఆగిందా గీత?"

ఎప్పుడో ఆగింది.

"ఊగుతున్నది," అన్న,
"జర నిలు."