ఏడో ప్రశ్నకు జవాబు

అయ్యా, లేక అమ్మా,
మీరెవరో నాకు తెలియనివ్వరు, నేనెవరో మీకు చెప్పనివ్వరు.
చీకట్లో చెయ్యి కలిపినట్టుంది ఈ ఉత్తరం.

మీ మొదటి ఆరు ప్రశ్నలకూ తలొంచాను.
పట్టికలు మార్చాను. దశాంశాల్ని మూడుకి కుదించాను.
నమూనా చిన్నదన్నారు, ఒప్పుకున్నాను:
రెండేళ్ళు మకోలా బజారంతా తిరిగితే
నాలుగొందల పన్నెండు అట్టలు దొరికాయి.
మిగతావాటిలో ఎండుచేపలు చుట్టేశారు.

ఏడోది మాత్రం,
"రెండొందల పద్నాలుగో వరస ఎందుకు తీసెయ్యలేదు?
మిగతావాటితో పొసగడం లేదు."

నిజమే. పొసగదు.

ముందు అట్ట సంగతి. మీ ఊళ్ళో ఉండదేమో.
అరచేతంత కాగితం, ముప్పై ఒక్క గడి.
పొద్దున్నే వసూలుదారు వస్తాడు,
రెండు సీడీలు పుచ్చుకుని ఒక గడిలో గీత పెడతాడు.
నెలాఖరుకి ముప్పై గీతల డబ్బు తిరిగిస్తాడు,
ఒక్క గీత అతని కూలి.
రసీదు లేదు, సాక్షి లేదు.
సుసు అంటారు దీన్ని. రెండో అధ్యాయంలో
పదకొండు పేజీల నిర్వచనం రాశాను,
టమాటాలమ్మే ఆవిడ విని, "అంతేనా?" అంది.

ఒడోయ్ కోటే ఇరవై రెండేళ్ళు గీతలు పెట్టాడు.
ఒక అక్టోబరు సాయంత్రం ట్రోట్రోలో
ఒళ్ళో సంచీతోనే పోయాడు.
డబ్బు సంచీలో లేదు.
అద్దాల తలుపులున్న ఒక కంపెనీలో దాచాడు,
ఆ కంపెనీ అతనికంటే ముందే పోయింది.
యాభై ఎనిమిది మంది ఆడవాళ్ళు. అందరివీ నిండిన అట్టలే.

నా సమీకరణం ఇక్కడ ఏమంటుందో మీకు తెలుసు:
కాగితం లేనిచోట, కోర్టు లేనిచోట,
బాకీ మనిషితోపాటే పూడుతుంది.

అతని కూతురు లామ్లే జడలల్లుతుంది.
తల్లో చేతులు పెట్టి సంపాదించిన చిల్లరతో
నాన్న నడిచిన దారినే పొద్దున్నే నడిచింది,
పుచ్చుకోడానికి కాదు, ఇవ్వడానికి.
రెండేసి సీడీలు. ఒక్కో గీత మీదా ఒక అడ్డగీత.
ముప్పయ్యో గడి దగ్గర ఆగలేదు.
ముప్పై ఒకటోదీ ఇచ్చేసింది,
నాన్న కూలి.

అందుకే ఆ గడిలో రాబడి సున్నాకి కింద ఉంది.
నేను తప్పు టైపు చేశానని మీరనుకున్నారు.
మొండి బాకీ అని రాస్తాం మన శాస్త్రంలో.
ఇక్కడ మొండిది బాకీ కాదు.

దాచను. ఒక రాత్రి తీసేశాను.
మా ప్రొఫెసర్ గారు, మార్చితో నీ ఫెలోషిప్ ఆఖరు, అన్నారు,
ఒక్క వరసకోసం అయిదేళ్ళు పోగొట్టుకుంటావా, అన్నారు.
లెగాన్ కొండమీద కరెంటు పోయింది.
బ్యాటరీలో పధ్నాలుగు శాతం మిగిలింది.
ఒక మీట నొక్కగానే
నా అంకె పక్కన రెండు చుక్కలు పొడిచాయి.
అయిదేళ్ళుగా మబ్బు పట్టిన పట్టిక అది.
సిగ్గు లేకుండా ఆనందించాను.

మర్నాడు పిన్నులు కొనడానికి బజారుకెళ్ళాను.
లామ్లే ఎదురుపడింది, "అయిపోయిందా మా లెక్క?"
రాస్తున్నానన్నాను.
"అందులో మేం ఎన్నో నంబరు?"
చెప్పాను.
"అయ్యో, లాటరీకి పనికిరాదే, తొంభై దాటిపోయింది" అని నవ్వి
చేపల వరస వైపు వెళ్ళిపోయింది.
ఇంకా పదకొండు మంది మిగిలారట.

కాబట్టి రెండు పట్టికలూ జతచేస్తున్నాను.
వరస తీసేసినదాంట్లో చుక్కలున్నాయి.
ఉంచినదాంట్లో లేవు.
నాలుగో అధ్యాయం ఉంచినదాని మీదే నడుస్తుంది,
కుంటుతూనే.

మీరు కాదంటే కాదనండి.
ఎనిమిదో ప్రశ్న, వాక్యంలో కామా గురించి అడిగినది,
సరిచేశాను. పేజీ తొంభై మూడు.