పైమెట్టు బల్ల

టాంపెరేలో మూడు చలికాలాలు ట్రామ్ నడిపి
కూడబెట్టిందంతా ఇదిగో,
రౌనో దుప్పటి కింద, నాలుగు తీగల బేస్ గిటార్.

మెడ మెలికల బర్చ్:
పాలలో డికాషన్ పోసి
కలపడం మరిచిపోయినట్టు.
తీగలానే చోట రెయిన్‌డీర్ కొమ్ము,
గోటితో తడితే గోరులాగే పలికింది.

ఒళ్లు మాత్రం ఆల్డర్.
కూల్చేసిన మా వీధి సౌనాలో పైమెట్టు బల్ల.
"నలభై ఏళ్లు ఆవిరి తాగి ఆరింది,
ఇంకేం వంగుతుంది!" అంటాడు రౌనో.
రంగు వెయ్యలేదు, మైనం రుద్ది వదిలాడు.
మేకు ఊడిన చిల్లు పూడ్చనే లేదు.
అదేమిటంటే, ఊపిరాడొద్దా అన్నాడు.

లావు తీగ మీటాను.
చెవి కన్నా ముందు
తొడలకి వినబడింది,
కాలిన రాళ్ల మీద చెంబుడు నీళ్లు పోశాక
ఎవరూ మాట్లాడని
ఆ కాసేపు.