నీడన ఆరాలి

ముందు ప్లగ్గు పీకు, అనేది ఇన్నాసమ్మ,
బల్బు చల్లారేదాకా టీ తాగు.
వేడి మీద ఏదీ కడక్కూడదు,
గాజైనా, మాటైనా.

ఈ ఆదివారం టీ తాగేను.
రెండో పూజకి గంట కొట్టేరు.
జ్ఞానాపురం సందుల్లోంచి పీతల కూర వాసన
మేడ మెట్లెక్కి వచ్చింది.
దీపం మీంచి గొడుగు ఊడదీసి
మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను,
జడ వెయ్యడానికి పిల్లని కూచోబెట్టుకున్నట్టు.

పొందూరు ఖద్దరు. ఒకప్పుడు అటుకుల రంగు.
ఇప్పుడు పై అంచున బొగ్గు, కింది అంచున ఎర్రమట్టి,
హార్బరు పంచిన వాటా.
ఓడ ఎవరిదో, సరుకు ఎవరిదో,
దుమ్ము మాత్రం మా వీధిది.
కిటికీ వేస్తే ఉక్క, తీస్తే ఇనుము.
దానికి తోడు ఉప్పుగాలి,
బట్ట తేమ తగిలిన అప్పడంలా వేలాడిపోతుంది.

పాత షేవింగు బ్రష్షుతో పైనుంచి కిందికి
నేత వెంట దులిపేను, అడ్డంగా కాదు.
లోపల రెండు ఉసుళ్లు, ఒక దోమ,
ఇంకో ఒంటి రెక్క, దేనిదో తెలీదు.
తర్వాత చపాతీ ముద్ద.
అద్దడమే, రుద్దడం లేదు.
అద్దినప్పుడల్లా ముద్ద నల్లబడుతుంటే
నాకేదో దొంగసంతోషం,
మొండిబాకీ పావలా పావలా వసూలవుతున్నట్టు.

కుంకుడు నురగ కూడా ఆవిడ చెప్పిందే.
నీళ్లు కాదమ్మా, నురగ. నురగే.
అంటించింది తడిస్తే ఊడిపోద్ది,
కుట్టింది తడిస్తే మహా అయితే ముడుచుకుంటాది.
నాది కుట్టిందే. అయినా భయమే.

కింది పట్టీ మడత విప్పితే
ఆవగింజంత గోధుమరంగు చుక్క.
తుప్పనుకున్నాను.
నిమ్మచెక్క తెచ్చి, దాని మీద ఉప్పు చల్లి,
అద్దబోయి ఆగేను.

అది సూది గుచ్చుకున్న రాత్రిది.
హుద్‌హుద్ వెళ్లిన వారం, ఊరంతా కరెంటు లేదు.
కొవ్వొత్తి దగ్గర ఆవిడ ఈ గొడుగే కుడతా ఉంది,
"దీపం లేనప్పుడు దీపానికి బట్టలు కావాలేటి నీకు" అని
నన్ను తిడతా.
వేలు చప్పరించి నవ్వింది.
ఎవరి రక్తానికి వారి ఉమ్మే మందమ్మా,
పీఠం మీద పరిచే గుడ్డలకి
ఎన్ని చుక్కలు అలాగ తుడిచేనో
ఫాదరుగారికి తెల్దు.
ఈ ఒక్కటీ చీకట్లో తప్పించుకున్నట్టుంది.

నా ఉమ్ము దీనికి పనికిరాదు.
నిమ్మచెక్క పప్పులో పిండేసేను.

ఎండలో వద్దు, దండెం మీద అసలొద్దు,
నీడన ఆరాలి.
స్టీలు డబ్బా బోర్లించి దానికి తొడిగేను,
ఫ్యాను మూడులో పెట్టేను,
గంటకోసారి వెళ్లి తిప్పేను.
ఇంత శ్రద్ధ నా జుట్టుకి ఎప్పుడూ లేదు.

సాయంత్రం ఇన్నాసమ్మ వచ్చింది,
మనవరాలు శౌరీలు భుజం పట్టుకుని.
పొర ఇప్పుడు రెండు కళ్లకీ.
ఆపరేషనంటే "క్రిస్మస్ వెళ్లనీ" అంటాది, ప్రతి ఏడూ.
గొడుగు ఒళ్లో పెట్టేను.
వేళ్లు కుట్టు వెంట నడిచి
ఒకచోట ఆగేయి.
చుక్క దగ్గర కాదు, దానికి జానెడు అవతల.
"ఇక్కడ వంకర పోయింది.
అప్పుడు నువ్వు నన్ను మాటల్లో పెట్టేవు."

దీపానికి తొడిగి స్విచ్చి వేసేను.
ఆవిడ అరచెయ్యి వెనక్కి తిప్పి
బట్ట దగ్గరగా పెట్టింది,
జ్వరం చూసినట్టు.
పాతరకం బల్బు, వేడి తగలడానికి కాసేపు పట్టింది.
"వెలుగుతోంది" అంది తనే.
"మరింక ఆపీ. అన్నాల వేళకి వేసుకో,
ఇప్పట్నుంచీ ఎందుకు దండగ."

ఆపేసేను.
మనవరాలు ఫోను చూసుకుంటోంది.
మేమిద్దరం చీకట్లోనే కూచున్నాం,
కుంకుడు వాసనలో.
హార్బరు వైపు ఓడ కూసింది.
కొత్త దుమ్ము బయల్దేరే ఉంటుంది.