చెవి అందే వయసు

ఆ రోజుల్ల పిల్లలకు పుట్టిన తేదీలు ఎవరికి యాదికుండె!
తల మీదికెళ్లి కుడిచెయ్యి తిప్పి
ఎడమ చెవి అందుకొమ్మనేటోణ్ణి.
అందితే బడికి. అందకపోతే వచ్చే ఏడు.

పరకాల బడి రిజిస్టర్ల
సగం ఊరు జూన్ నెలలనే పుట్టింది.
అదంతా నా చేతిరాతనే.
మొగిలికి వేలికొసలు తగిలీ తగలక ఆగితే
మెడ కొంచెం వంచి నేనే అందించిన.
ఆ ఒక్క ఏడు అబద్ధం
వాణ్ణి పదో తరగతి దాకా నడిపించింది.

మొన్న వాడే వచ్చిండు,
ఎనుమాముల మార్కెట్ల పత్తి దించి,
మీసాల మీది దూది దులుపుకోకుంటనే.
ఎనక బిడ్డ సాన్విత, ఏడో తరగతి,
చున్నీ కొస నముల్కుంట.

ఫోన్‌ల ఎవడో "అన్న"నని పరిచయమైండట.
మంచిగ డాన్స్ చేస్తవన్నడు.
ఏ బడి అన్నడు.
ఫోటో అడిగిండు. ఇంకో ఫోటో.
మిగతాది మొగిలి చెప్పలే,
నా గడప దిక్కే చూసుకుంట నిలవడ్డడు.

ఠాణాల రాసుకునే అమ్మాయి మెత్తగనే అడిగింది.
తండ్రి పుట్టిన తేదీ?
"జూన్ అయిదు" అని నా మొఖం చూసిండు.
ఖాతా తెరిచినప్పుడు నువ్వెంత పెట్టినవ్ బిడ్డా?
"పంతొమ్మిది."
సంవత్సరాల చక్రాన్ని బొటనేలితోని
బాయి గిరక లెక్క గిర్రున తిప్పిందట.
యాడ ఆగితే ఆడ పుట్టింది.

పద్దెనిమిది లోపైతే
తల్లిదండ్రుల సమ్మతి కావాలంటది చట్టం. మంచిదే.
వాళ్లమ్మ స్వరూప బీడీలు చుట్టుకుంట,
"అమ్మా, నంబర్ వచ్చిందా" అంటె
ఆరంకెలు చదివి చెప్పిందట,
తునికాకు మీంచి కత్తెర తియ్యకుంటనే.
ఆ ఇంట్ల అడిగిందీ ఇచ్చిందీ అంతే.

రాత్రి ఆ చట్టం కాగితం
అద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివిన.
గట్టి తలుపే పెట్టిండ్రు.
తలుపుకాడ కూసున్నోడు మాత్రం
నా లెక్కనే, చెప్పింది రాసుకునేటోడు.
కాకపోతే
నేను రాసిన అబద్ధం లోపల పలక ఉండె,
నల్లబల్ల ఉండె, బెత్తం పట్టుకొని నేనుంటి.
దీని లోపల ఎవరున్నరో
ఆ రాసుకున్నోనికే తెల్వది.

ఠాణా నుంచి వచ్చినంక
ఎందుకన్ననో, "బిడ్డా, చెవి అందుకో" అన్న.
అలవోకగ అందింది.
అందినంక కూడ చెయ్యి దించలే,
మోచేతి ఎనక సగం మొఖం దాచుకొని
గట్లనే నిలవడ్డది.

దించమనబుద్ధి కాలే నాకు.