తూర్పు హద్దు

పదకొండేళ్ళుగా ఎందరి నేలలో
నా వేళ్ళ కిందనుంచే చేతులు మారాయి.
మూడు లాంతర్ల దగ్గర, లెంక సూర్నారాయణ గారి గదిలో
కిటికీ పక్క కంప్యూటరు నాది.
"శుద్ధ క్రయ దస్తావేజు ఏమనగా" నుంచి
"నా సమ్మతిన వ్రాయించి ఇచ్చితిని" దాకా
కళ్ళు మూసుకుని కొట్టగలను.
అమ్మేవాడి గొంతు ఎక్కడ బొంగురుపోతుందో
కొనేవాడు ఎక్కడ చెమట తుడుచుకుంటాడో
పేజీ నంబరుతో సహా తెలుసు.

చీటీ పాట మూడు లక్షలు చేతికొచ్చిన నాడు
బల్లకి అవతలి కుర్చీలో
మొదటిసారి నేను కూచున్నాను.

డెంకాడ దారిలో నూట యాభై గజాలు.
గజం తొమ్మిది వేలు.
బ్రోకరు ఉమామహేశు రంగుల కాగితం పరిచాడు.
అందులో గడ్డి కూడా తల దువ్వుకుని ఉంది.
ఎల్పీ నంబరుందా? ఉంది.
ఈసీ ముప్ఫై ఏళ్ళకి తీశారా? తీశాం.
సర్కారు నిషేధం జాబితాలో ఈ సర్వే నంబరు లేదు కదా?
నేదమ్మా, మీకు తెలీనిదేటి, మీరే మాకు చెప్పాలి.
పుస్తకం విలువ పోను మిగతాది ఏ చేత్తో ఇవ్వాలి,
బ్యాంకు వాయిదా నా జీతంలో సగం తింటే
నేనేం తినాలి,
మళ్ళీ అమ్మాలంటే ఎన్నాళ్ళకి, ఎవరికి?
ఎయిర్‌పోర్టు వస్తాంది కదమ్మా, అన్నాడు.
అడిగిన ప్రతిదాని మీదా ఒక విమానం దింపాడు.

టోకెను యాభై వేలు ఇచ్చేశాను.
ఆ రాత్రి డాబా మీద అడుగులేసి
నూట యాభై గజాలు కొలిచాను.
అద్దె డాబా చాలలేదు.
పక్కింటి పిట్టగోడ దగ్గర ఆగిపోయాను.

లింకు డాక్యుమెంట్లు తెప్పించుకున్నది
అనుమానంతో కాదు, అలవాటుతో.
డెబ్బై నాలుగు నాటి చేతిరాత, పాలిపోయిన నీలం సిరా.
తూర్పు: గెడ్డ.
రెండువేల తొమ్మిదిలో ఎవరో నాలాంటి మనిషి కొట్టిన కాగితం.
తూర్పు: పోరంబోకు.
ఉమామహేశు రంగుల కాగితం.
తూర్పు: ముప్ఫై అడుగుల రోడ్డు.

ఈసీలో తాకట్లు కనిపిస్తాయి,
అన్నదమ్ముల వాటాలు కనిపిస్తాయి.
నీళ్ళ బాకీ కనిపించదు.

ముసురు పట్టిన ఆదివారం బస్సెక్కాను.
గొడుగు రెండుసార్లు తిరగబడింది.
తెల్లరాళ్ళ మధ్యనుంచి మేకల్ని తోలుకొస్తోంది సన్నెమ్మ,
నెత్తిన యూరియా సంచి గొంగళిలా కప్పుకుని.
"పెద్దమ్మా, వానకి ఇక్కడ నీళ్ళెటు పోతాయి?"
ఎగాదిగా చూసింది.
"ఏటి తల్లీ, గెడ్డ కదా ఇది!
దాని దారిన అదెల్తాది.
నువ్వే అడ్డంగా నిలబడ్డావు."
అప్పటికే చెప్పుల్లోకి వచ్చేశాయి నీళ్ళు.

టోకెనులో ముప్ఫై వేలు తిరిగొచ్చాయి,
నాలుగు నెలలకి, మూడు విడతల్లో.
పోయిన ఇరవై వేలు గురుదక్షిణ అనుకున్నాను.
సన్నెమ్మకి చెందాల్సింది ఉమామహేశు తిన్నాడు, అంతే.

మొన్న గురువారం
నెల్లిమర్ల జూట్‌మిల్లులో చేసే తవిటినాయుడు వచ్చాడు.
చొక్కా జేబులో తాకట్టు రశీదు మడత,
పక్కన బోసిమెడతో భార్య.
అదే లేఅవుట్, నా ప్లాటుకి రెండు ప్లాట్ల అవతల.
ఉత్తరం కొట్టాను. దక్షిణం కొట్టాను. పడమర.
తూర్పు దగ్గర కర్సరు
ఆరుతూ వెలుగుతూ నిలబడింది.

సూర్నారాయణ గారు దగ్గారు.
ఆ దగ్గు నాకు నెలకి పద్నాలుగు వేలు ఇస్తుంది.
ఉమామహేశు ఫోనులోకి తల దూర్చాడు.
నిరుడు నేనూ ఇదే గదిలో
బుర్ర ఊపుకుంటూ విన్నాను కదా,
నాకెవరు చెప్పారు?
చెప్పింది మేకలు కాసుకునే మనిషి.
ఆమెకి ఎవరూ జీతం ఇవ్వరు.

"బాబూ," అన్నాను, "స్థలం చూసుకున్నావా?"
"చూశానండి, మే నెల్లో. బావుంది."
"వానలో?"

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
కిటికీ బయట మబ్బు పట్టి ఉంది.
తూర్పు ఇంకా ఖాళీగానే ఉంది.